రెండు స్థాపన సంవత్సరాలు: బేక్‌వెల్ పాఠశాల గురించి

మీరు అనువదిస్తున్న వ్యాసంలో ఇంగ్లండులోని డర్బీషైర్ కౌంటీలో బేక్‌వెల్ అనే సంత పట్టణంలో ఉన్న లేడీ మానర్స్ పాఠశాల 1636లో మగపిల్లల కోసం మొదలైందని ఒకచోట, 1896లో సహవిద్యా పాఠశాలగా ప్రారంభమైందని మరొకచోట ఉందని, వీటిలో ఏది తప్పో చెప్పమని అడిగారు. నిజానికి రెండూ సరైనవే.

లేడీ మానర్స్ అనే బిరుదున్న గ్రేస్ 1636లో ఇచ్చిన దానంతో ఏర్పడిన ఉచిత పాఠశాల 1874లో మూతపడి, 1896లో తిరిగి తెరిచినప్పుడు బాలికలను కూడా చేర్చుకుంది. ఈ మార్పుకు నేపథ్యం 1869 నాటి ఎండోడ్ స్కూల్స్ చట్టం (దాన నిధులతో నడిచే బడుల చట్టం): పాత దానపత్రాల షరతులను సవరించి, ఆ నిధుల ప్రయోజనాన్ని వీలైనంత వరకు బాలికలకూ అందించేందుకు అది దారి తెరిచింది. చిన్న పట్టణంలో బాలురకు, బాలికలకు వేర్వేరు భవనాలు కట్టడం ఎంత భారమో ఊహించవచ్చు. ఇలాంటి చోట్ల సహవిద్యకు ఆదర్శం కన్నా ఆదాయ పరిమితే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడున్న స్థలానికి బడి 1938లో మారింది. 1944 విద్యా చట్టం తరువాత ఇలాంటి గ్రామర్ పాఠశాలల్లో (ఎంపికైన పిల్లలనే చేర్చుకునే ఉన్నత పాఠశాలల్లో) ప్రవేశం పదకొండేళ్ల వయసులో రాసే పరీక్షపై ఆధారపడింది; 1972లో ఇది ఆ వడపోత లేని కాంప్రిహెన్సివ్ పాఠశాల అయింది.

కాబట్టి అనువాదంలో 1636కు ‘స్థాపన’ అని, 1896కు ‘పునఃప్రారంభం’ అని రాయండి. ‘పబ్లిక్ స్కూల్’ అనే మాట మాత్రం వాడకండి. ఇంగ్లండులో దాని అర్థం ఖరీదైన ప్రైవేటు బడి.