ఎనిమిది దేశాలు, పదిహేడు రోజులు, ఒకే డ్రైవరు

ప్రశ్న: నేను హాంబుర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జర్మన్ డ్రైవింగ్ లైసెన్సు, సొంత కారు ఉన్నాయి. వచ్చే జూన్‌లో రాజమహేంద్రవరం నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. ఇద్దరికీ అరవై అయిదు దాటాయి, నాన్నగారికి మధుమేహం ఉంది. నాకు 17 రోజుల సెలవు దొరికింది. డెన్మార్క్, స్వీడన్, నార్వే, దాని ఉత్తరపు కొసన ఉన్న నార్త్ కేప్, ఫిన్లాండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, పోలండ్ మీదుగా చుట్టి రావాలని ఉంది. నా భార్యకు డ్రైవింగ్ రాదు. ఇది సాధ్యమేనా? — హాంబుర్గ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ జాబితాలోంచి నార్త్ కేప్‌ను కొట్టేస్తే సాధ్యమే. అది ఉన్నంతవరకు మీరు చేసేది విహారయాత్ర కాదు, సరుకు రవాణా. ఓస్లో నుంచి నార్త్ కేప్‌కు దాదాపు 2,000 కిలోమీటర్లు, అక్కడినుంచి హెల్సింకీకి దిగిరావడానికి మరో 1,400 కిలోమీటర్ల పైమాటే. జర్మనీ ఆటోబాన్ మీద ఒక పూటలో ఎంత దూరం పోతామో అదే లెక్క నార్వేకూ వేసుకోవడం చాలామంది చేసే పని. నార్వేలో ఊళ్లు దాటాక మామూలు రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. మలుపులు, సొరంగాలు, మధ్యమధ్య పడవ కోసం ఆగడాలు కలుపుకుంటే సగటున అరవై దాటడం కష్టం. అందుచేత అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటలలో లెక్కకట్టండి. ఒక్కరే నడుపుతున్నారు కాబట్టి రోజుకు 5 గంటలకు మించి స్టీరింగు పట్టకూడదని ముందే నియమం పెట్టుకోండి.

నార్త్ కేప్‌కు బదులుగా నార్వేలో మూడు రాత్రులు అవుర్లాండ్, ఫ్లోమ్ ప్రాంతంలో ఒకేచోట బస చేయమని నా సలహా. ఓస్లో నుంచి అయిదు గంటల ప్రయాణం. యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన నేరోయ్ ఫ్యోర్డ్‌లో (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) అక్కడినుంచే పడవ మీద తిరిగి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఫ్లోమ్ రైలు మంచి వరం: 20 కిలోమీటర్ల దూరంలోనే సముద్రమట్టం నుంచి 860 మీటర్లకు పైగా ఎక్కుతుంది, కిటికీ పక్కన కూర్చుంటే చాలు. అవుర్లాండ్‌కూ లార్డాల్‌కూ మధ్య 24.5 కిలోమీటర్ల సొరంగం ఉంది. 2000లో తెరిచిన ఈ సొరంగం రోడ్డు సొరంగాలలో ప్రపంచంలోకెల్లా పొడవైనది. దాటడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. డ్రైవరుకు కునుకు పట్టకుండా దారిలో మూడు చోట్ల గుహలా వెడల్పు చేసి నీలిరంగు దీపాలు పెట్టారు. వెళ్లేటప్పుడు సొరంగంలో వెళ్లి, వచ్చేటప్పుడు పైనున్న కొండదారి మీదుగా రండి. చలికాలమంతా మూసివుండే ఆ దారికి ఇరువైపులా జూన్‌లోనూ మంచు గోడలు కనిపించవచ్చు. తెరిచారో లేదో మాత్రం బయలుదేరే రోజు ఉదయం చూసుకోవాలి. అవుర్లాండ్ వైపు దిగే చోట 650 మీటర్ల ఎత్తున స్టేగస్టైన్ అనే చెక్క వంతెన గాలిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. అమ్మగారికి ఎత్తంటే భయమైతే ఆవిడను దాని మొదట్లోనే నిలబెట్టండి, అక్కడినుంచీ ఫ్యోర్డ్ కనిపిస్తుంది.

మిగిలిన దారిలో సముద్రం మీకు సాయం చేస్తుంది, చేయనివ్వండి. హాంబుర్గ్ నుంచి కోపెన్‌హాగెన్‌కు స్టోర్‌బెల్ట్ వంతెన మీదుగా వెళ్లవచ్చు గానీ, పుట్‌గార్డెన్ నుంచి రోడ్‌బీకి 45 నిమిషాల పడవ పట్టుకుంటే దూరమూ తగ్గుతుంది, పెద్దలు కాళ్లు చాపుకోవడానికీ వీలవుతుంది. కోపెన్‌హాగెన్ నుంచి స్వీడన్‌లోకి ఓరెసుండ్ దారి, ముందు సొరంగం, తరువాత మనుషులు కట్టిన దీవి, ఆపైన వంతెన, మొత్తం సుమారు 16 కిలోమీటర్లు. ఓస్లో నుంచి స్టాక్‌హోమ్‌కు 520 కిలోమీటర్లు. నియమానికి మినహాయింపుగా పెట్టుకోవలసిన పెద్ద రోజు ఇదొక్కటే. స్టాక్‌హోమ్ నుంచి ఫిన్లాండ్‌లోని తుర్కూకు రాత్రి పడవలో గది తీసుకుంటే ఆ రాత్రి హోటలు ఖర్చు ఉండదు, తెల్లవారేసరికి దేశం మారిపోయి ఉంటుంది. హెల్సింకీ నుంచి టాలిన్‌కు రెండు గంటలు. అక్కడినుంచి రీగా 310 కిలోమీటర్లు.

రీగా దాటాక పోలండ్ మీదుగా హాంబుర్గ్ చేరాలంటే మూడు రోజులు వట్టి డ్రైవింగే. అంతకంటే లిథువేనియా రేవు క్లైపెడా నుంచి కీల్‌కు పడవ ఎక్కండి. ఇరవై గంటలకు పైగా పడుతుంది, దిగాక ఇంటికి 100 కిలోమీటర్లే. పోలండ్ తప్పిపోతుందన్న బెంగ వద్దు, హాంబుర్గ్‌లో ఉన్నవారికి అది ఏ వారాంతంలోనైనా అందుతుంది. ఒకవేళ రోడ్డు మీదే రావాలనుకుంటే ఒక హెచ్చరిక: క్లైపెడా నుంచి పోలండ్‌లోని గ్దాన్స్క్‌కు మ్యాపులో దగ్గరగా కనిపించే దారి కలీనిన్‌గ్రాద్‌ గుండా పోతుంది. అది రష్యా భూభాగం, ఐరోపా దేశాలు చాలావాటికి ఉమ్మడిగా ఉన్న షెంగెన్ వీసా అక్కడ చెల్లదు.

వీసా సంగతికొస్తే, నార్వే ఐరోపా సమాఖ్యలో లేకపోయినా షెంగెన్‌లో ఉంది కాబట్టి మీ దారి మొత్తం ఒక్క వీసాతోనే నడుస్తుంది. అమ్మానాన్నలు ఎక్కువ రోజులు ఉండేది మీ ఇంట్లోనే గనుక జర్మనీకే దరఖాస్తు చేయాలి. ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించకూడదన్న లెక్క మరవకండి. సరిహద్దుల్లో అప్పుడప్పుడు ఆపి చూస్తారు, పాస్‌పోర్టులు డిక్కీలోని పెట్టె అడుగున కాక చేతికందేలా ఉంచండి. నాన్నగారి మందులకు ఇంగ్లీషులో రాసిన చీటీ ఉండాలి.

బసకు హోటళ్లకంటే క్యాంపింగ్ స్థలాలలోని చెక్క క్యాబిన్లు మీవంటి కుటుంబానికి నప్పుతాయి, ఎందుకంటే వాటిలో చాలావాటికి వంటగది ఉంటుంది. దుప్పట్లు, గలేబులు చాలాచోట్ల విడిగా అద్దెకు తీసుకోవాలి, మీవే కారులో వేసుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఊడ్చి తుడిచి వెళ్లడమో, దానికి డబ్బు కట్టడమో మీ వంతు. పోపు పెట్టే ముందు కిటికీ తెరవండి, లేకపోతే ఎండుమిరపకాయ ఘాటుకు పొగ అలారం మోగి చుట్టుపక్కల వారందరూ లేస్తారు. భారతదేశం నుంచి సామానులో నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి తేవద్దని ఇప్పుడే చెప్పండి. బయటిదేశాల పాల పదార్థాలు, మాంసం ఐరోపా సమాఖ్యలోకి అనుమతించరు. అక్కడి వెన్న కొని కాచుకుంటే సరిపోతుంది, కాకపోతే ఉప్పు వేయనిది చూసి తీసుకోవాలి.

రోడ్డు మీద: డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ వంటి నార్డిక్ దేశాలలో పట్టపగలు కూడా కారు దీపాలు వెలగాలి. నార్వే, స్వీడన్, ఎస్టోనియాలలో రక్తంలో మద్యం పరిమితి వెయ్యి పాళ్లకు 0.2 పాలు, అంటే ఒక్క గ్లాసు బీరు తాగినా నడపకపోవడమే క్షేమం. ఫిన్లాండ్‌లో అతివేగం బాగా ఎక్కువైతే జరిమానాను ఆదాయాన్ని బట్టి వేస్తారు. నార్వేలో టోలు గేట్లుండవు, కెమెరా నంబరు చదువుతుంది, బిల్లు తరువాత వస్తుంది. అడవి దారుల్లో, ముఖ్యంగా తెల్లవారుజామున, మునిమాపున, మూస్ అనే భారీ దుప్పులు అకస్మాత్తుగా రోడ్డెక్కుతాయి. వాటి కాళ్లు పొడవు కాబట్టి ఢీకొంటే మొండెం నేరుగా అద్దం మీదికి వస్తుంది. అలా జరిగితే 112కు చెప్పి తీరాలి. ఇక జూన్ 19–25 మధ్య వచ్చే శుక్రవారం స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ పండుగ, మరునాడు ఫిన్లాండ్‌లో కూడా. చాలా దుకాణాలు మూసేస్తారు, ముందురోజే కూరగాయలు, పెరుగు కొనిపెట్టుకోండి.

ప్రశ్న: స్టాక్‌హోమ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాను. నా తెలంగాణ లైసెన్సుతో అక్కడ అద్దె కారు నడపవచ్చా? — కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: సందర్శకుడిగా వెళ్తున్నారు కాబట్టి నడపవచ్చు. బయలుదేరేముందు ఆర్టీఏ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది ఏడాదిపాటు చెల్లుతుంది, అసలు లైసెన్సు పక్కన ఉంటేనే దానికి విలువ. స్వీడన్ కూడా 1967 సెప్టెంబరు 3 దాకా మనలాగే ఎడమవైపు నడిపిన దేశమే, ఇప్పుడు కుడివైపు. గేరు కుడిచేతికి వస్తుంది గనుక ఆటోమేటిక్ కారు అడిగి బుక్ చేసుకోండి. మొదటి రెండు రోజులు మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఖాళీ రోడ్డు మీద ఎడమకు మలుపు తిరిగేటప్పుడే చేతులు పాత అలవాటు కొద్దీ తప్పు వరుసలోకి తిప్పేస్తాయి.

ప్రశ్న: జూన్ నెలలో స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తరాన ఉన్న లాప్లాండ్‌కు వెళ్తే ధ్రువకాంతులు కూడా చూడవచ్చా? — హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చూడలేరు. ఆ నెలలో అక్కడ చీకటే పడదు. ఆ కాంతుల కోసమైతే సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వెళ్లండి. జూన్‌లోనే వెళ్లేటట్లయితే కళ్లకు కట్టుకునే నల్లగుడ్డ సర్దుకోండి, అర్ధరాత్రి సూర్యుడు కర్టెన్లకు లొంగడు.