సమాధానం: డెడ్ టైమ్ పెంచినా కింది మాస్‌ఫెట్ కాలిపోతోందా?

హాఫ్ బ్రిడ్జ్‌లో (రెండు స్విచ్‌లు ఒకదానిపై ఒకటి ఉండే సర్క్యూట్) పైది ఆన్ అవగానే కింది సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పోతోందని, డెడ్ టైమ్ (రెండూ ఆఫ్‌లో ఉండే చిన్న విరామం) పెంచినా లాభం లేదని రాశారు కదా. నాకైతే మిల్లర్ కెపాసిటెన్స్ మీదే, అంటే మాస్‌ఫెట్ డ్రెయిన్‌కూ, దాన్ని ఆన్ ఆఫ్ చేసే గేట్‌కూ మధ్య ఉండే కెపాసిటెన్స్ మీదే అనుమానమండి. లెక్క చూడండి: 10 పికోఫారడ్లు, డ్రెయిన్ వోల్టేజ్ నానోసెకనుకు 50 వోల్టుల వేగంతో మారడం అంటే 0.5 ఆంపియర్ గేట్‌లోకి వస్తుంది, అది మీరు పెట్టిన 10 ఓమ్‌ల రెసిస్టర్ గుండా పోతే గేట్ దాదాపు 5 వోల్టులకు లేస్తుంది, ఆఫ్‌లో ఉండాల్సింది కాస్తా ఆన్ అయిపోతుంది, రెండూ ఒకేసారి ఆన్ అయి షార్ట్ అవుతుంది. వేడెక్కితే థ్రెషోల్డ్ (ఆన్ అవడానికి గేట్‌కు కావాల్సిన వోల్టేజ్) ఇంకా పడిపోతుంది, అందుకే కాసేపు బాగా నడిచి, ఆ తర్వాత కాలిపోతోంది.

ఆఫ్ అయ్యే దారికి డయోడ్‌తో వేరే చిన్న రెసిస్టర్ పెట్టండి. డేటాషీట్ ఒప్పుకుంటే గేట్‌ను మైనస్ 4 వోల్టుల దగ్గర ఆపండి. డ్రైవర్ (గేట్‌ను నడిపే చిప్) గేట్‌కు ఆనుకునే ఉండాలి. ఆసిలోస్కోప్ ప్రోబ్‌కు ఆ పొడవాటి గ్రౌండ్ వైరు తీసేసి పొట్టి గ్రౌండ్ స్ప్రింగ్ తగిలించి, తక్కువ బస్ వోల్టేజ్‌లోనే (బ్రిడ్జ్‌కు ఇచ్చే సరఫరా వోల్టేజ్) ముందు కొలవండి.