మిల్లు తుక్కుకు పోకముందే ముత్తాతగారి చరిత్ర

ప్రశ్న: అమ్మగారూ, నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. తుంగభద్ర నీళ్లు వచ్చిన కొత్తలో మా ముత్తాతగారు రెండెకరాల మాగాణి అమ్ముకుని గంగావతి వైపు వెళ్లి ఇరవై ఎకరాలు కొన్నారట. ఆ తర్వాత అక్కడే రైస్ మిల్లు పెట్టారు. ‘తాలూకాలో మొదటి మిల్లు మనదే’ అని ఇంట్లో అందరూ అంటారు. మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఈ మధ్య తాతయ్య, చిన్నతాతలు కలిసి ఆ స్థలం అమ్మేశారు. ఉగాది వెళ్లాక యంత్రాలు తుక్కుకి తోలేస్తారట. కుటుంబ చరిత్ర రాయాలని ఉంది గాని, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు ఈ శుక్రవారం రాత్రి బస్సెక్కి గంగావతి వెళ్లండి తల్లీ. ఆఫీసుల్లో ఉన్న కాగితాలు ఆర్నెల్ల తర్వాత అడిగినా దొరుకుతాయి. ఇనుము లారీ ఎక్కిందంటే ఇక కంటికి కనపడదు.

మా నాన్న అటువైపు ఒక క్యాంపు (మన వలస రైతుల ఊరు) మిల్లులో గుమస్తా. నేను ఊక పొగ పీలుస్తూ పెరిగినదాన్ని. అందుకే మిల్లు గోడల మధ్య ఏమేం చూడాలో చెప్పగలను. కరెంటు రాకముందు మిల్లులు ఆయిల్ ఇంజన్ల మీద నడిచేవి. ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో తయారైన రస్టన్ ఇంజన్లు మనవాళ్ల మిల్లుల్లో బాగా వాడారు, తర్వాత కిర్లోస్కర్లు వచ్చాయి. ఇంజన్ పక్కన చిన్న లోహపు పలక ఉంటుంది. దాని మీద నంబరు, ఎన్ని గుర్రాల శక్తి అన్నది ఉంటాయి. మసి, గ్రీజు పేరుకుపోయి మొదట ఏమీ కనపడదు. కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడవండి, ఇనుప బ్రష్షుతో గీకితే అక్షరాలు అరిగిపోతాయి. ఆరాక సుద్దపొడి రాసి అరచేత్తో పైపైన తుడిస్తే గాట్లలో పొడి నిలిచి అంకెలు తెల్లగా తేలతాయి. అప్పుడు పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటో తీయండి.

ఉప్పుడు బియ్యం ఆడించిన మిల్లయితే బాయిలర్ ఉంటుంది. అది ఇంకా విలువైన సాక్ష్యం. 1923 నాటి బాయిలర్ల చట్టం ప్రకారం ప్రతి బాయిలర్‌కీ ప్రభుత్వం రిజిస్టర్ నంబరు ఇచ్చేది. ఆ నంబరును చెరిగిపోకుండా బాయిలర్ మీదే వేయించాల్సి ఉండేది. దాన్ని పట్టుకుని బాయిలర్ల శాఖలో అడిగితే ఎప్పుడు, ఎవరి పేరున రిజిస్టరైందో తెలిసే అవకాశం ఉంది. ఒక్క జాగ్రత్త. డెల్టాలో మూతపడ్డ మిల్లు నుంచి పాత ఇంజనో బాయిలరో కొని తెచ్చుకున్నవాళ్లు ఉంటారు. కాబట్టి యంత్రం వయసే మిల్లు వయసని అనుకోవద్దు.

ఇక ‘మొదటి మిల్లు’ మాట. ఆ వైపు మనవాళ్ల ఇళ్లలో చాలామంది ఇదే మాట అంటారు. ఊరికే కొట్టిపారేయకండి, అలాగని తేల్చుకోకుండా రాయకండి. 1958లో రైస్ మిల్లుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆ తర్వాత కొత్త మిల్లు పెట్టాలంటే పర్మిట్ కావాలి, నడుస్తున్న మిల్లుకి లైసెన్సు ఉండాలి. ఆ చట్టం 1997లో రద్దయ్యేదాకా ఇదే పద్ధతి. మీ ఇంట్లో పర్మిట్ దొరికితే మిల్లు చట్టం వచ్చాక పెట్టిందన్నమాట. పర్మిట్ లేకుండా మొదటి ఏళ్ల లైసెన్సు మాత్రమే ఉంటే అంతకుముందు నుంచే నడుస్తుండవచ్చు. ఈ ఒక్క కాగితం కోసం ఇనప్పెట్టె, అటక, తాతయ్యగారి ట్రంకుపెట్టె అన్నీ వెతకండి. పది మందికి పైగా పనిచేసిన మిల్లయితే 1948 ఫ్యాక్టరీల చట్టం కింద కూడా రిజిస్టరై ఉంటుంది.

ఏ సంవత్సరంలో వెళ్లారన్నది మీరు రాయలేదు. తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది. ఒక ఒడ్డున మద్రాసు ప్రభుత్వం, ఇంకో ఒడ్డున నిజాం ప్రభుత్వం. 1953లో కాలువకి నీళ్లు వదిలారు. గంగావతి ఎడమ కాలువ కింద ఉంది, అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లా. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది, 1997లో కొప్పళ జిల్లా అయింది. పొలం ఒక్కటే అయినా ప్రభుత్వాలు మారాయి, అందుకే కాగితాలు చెదిరి ఉంటాయి. భూమి దస్తావేజులు మాత్రం అక్కడి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనే అడగాలి. సర్వే నంబరు చెప్పి ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి. అంత పాతకాలం ఆన్‌లైన్‌లో రాదు, పాత పుస్తకాలు తీసి వెతికించాల్సిందే. పహణీలకి (పొలం, పంట వివరాల రికార్డు), మ్యుటేషన్‌కి (పట్టా పేరు మార్పు) తాలూకా ఆఫీసుకి వెళ్లాలి. నిజాం కాలపు ప్రభుత్వ రికార్డులు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మైసూరు కాలానివి మీకు దగ్గరే, విధానసౌధలోని కర్ణాటక రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. 1970లో అచ్చయిన రాయచూరు జిల్లా గెజిటియర్ (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసే పుస్తకం) కూడా చదవండి, ఆనాటి పంటలు, పరిశ్రమలు, వలస రైతుల సంగతి ఒకచోట తెలుస్తాయి.

పాత కాగితాలు ఉర్దూలో ఉంటే కంగారుపడకండి. పాత దస్తావేజులు చదివే ముసలి రైటర్లు తాలూకా ఆఫీసుల దగ్గర ఇప్పటికీ కనిపిస్తారు. తేదీ ఫసలీలో (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలుపుకోండి. ఫసలీ 1364 అంటే 1954–55. డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాద్ రాష్ట్రానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా అనేవారు. దాదాపు ఏడు హాలీ రూపాయలు మన ఆరు రూపాయలకి సమానం. విలీనం తర్వాత కూడా కొన్నేళ్లు రెండూ చెలామణీ అయ్యాయి. ‘ఎకరం ఇంతకి కొన్నారు’ అని ఇంట్లో చెప్పుకునే ధర ఏ రూపాయిలో అన్నది దస్తావేజు చూసి రాయండి.

1974 దగ్గరికి వచ్చేసరికి ఈసీలో ఒక్కసారిగా పేర్లు గుంపుగా కనపడవచ్చు. కర్ణాటక భూసంస్కరణల చట్టానికి ఆ ఏడాది పెద్ద సవరణ వచ్చింది. పరిమితి మించి భూమి ఉన్న కుటుంబాలు డిక్లరేషన్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ డిక్లరేషన్ కాపీ దొరికితే అప్పటి కుటుంబ సభ్యుల పేర్లు, ఎవరికెంత భూమి అన్నది ఒకేచోట దొరుకుతాయి. వంశవృక్షం గీయడానికి దానికి మించిన కాగితం లేదు.

ఇప్పుడు నేను గట్టిగా అడిగేది చెబుతాను. మిల్లు చరిత్ర అంటే ఓనరు చరిత్ర ఒక్కటే కాదు. చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాల వారీ లెక్క) పుస్తకాలు దొరికితే ఎవరికీ ఇవ్వకండి, చెదలు పట్టినవైనా సరే. ఏ ఊరి రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడు, మర కూలి డబ్బుగా ఇచ్చాడా, తవుడు వదిలేసి వెళ్లాడా, హమాలీకి బస్తాకెంత, ఏ పండక్కి మిల్లు ఆపారు, అన్నీ అందులో ఉంటాయి. మా నాన్న లాంటివాళ్లు లాంతరు వెలుగులో రాసిన పుస్తకాలు అవి. నూకలకి వేరే పద్దు, తవుడుకి వేరే పద్దు ఉండేవి. పాత హల్లర్ మరలో ఊక, తవుడు కలిసిపోయేవి, నూక ఎక్కువ పడేది. ఊకని విడిగా తీసే షెల్లర్ బిగించిన ఏడాది నుంచి ఆ పద్దులు మారిపోతాయి. యంత్రం ఎప్పుడు మార్చారో ఎవరూ చెప్పకపోయినా పుస్తకం చెబుతుంది.

మిల్లులో పనిచేసిన హమాలీలు, ఇంజన్ డ్రైవరు, కళ్లంలో ఉప్పుడు ధాన్యం ఆరబోసిన ఆడవాళ్లు ఎవరైనా ఉంటే వెతికి మాట్లాడండి. వాళ్లు కన్నడంలో చెబితే కన్నడంలోనే రికార్డు చేయండి.

పొలం అమ్మినవాళ్ల పేర్లు దస్తావేజులో ఉంటాయి. ఆ కుటుంబం ఇంకా ఊళ్లోనే ఉండవచ్చు. వాళ్లింటికి వెళ్లండి. రాళ్లూ ముళ్లూ ఉన్న బీడుని మీ ముత్తాతగారు మాగాణి చేశారన్నది మీ ఇంటి కథ. అప్పటిదాకా ఆ నేలలో జొన్నలు, పత్తి పండించుకున్నామన్నది వాళ్లింటి కథ. రెండూ నిజమే. ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ కాలువ మొత్తం వరికి కట్టింది కాదు. ఎక్కువ భూమికి తక్కువ నీళ్లతో పండే జొన్న, పత్తి వంటి పంటలు, కొంత భూమికే వరి అని నిర్ణయించారు. మనవాళ్లు వరే నాటారు, మిల్లులు నిండాయి. కాలువ చివరి రైతుకి నీళ్లు అందలేదు. మీ ముత్తాతగారు కష్టజీవి అన్న మాట దీనివల్ల తగ్గదు. కాని ఇది వదిలేస్తే రాయచూరు వైపు రైతు మీ పుస్తకం చదివి మూసేస్తాడు.

చివరగా మీ జేజమ్మగారు, అంటే ముత్తాతగారి భార్య. మిల్లు పెట్టడానికి డబ్బు ఎక్కడిదని తాతయ్యని అడగండి. రెండెకరాలు అమ్మిన డబ్బు పొలానికే సరిపోయి ఉంటుంది. చాలా ఇళ్లలో మిగతాది ఆవిడ నానుతాడు, చంద్రహారం. ఆవిడ పేరు, పుట్టిల్లు, తాకట్టు చీటీ దొరికితే అదీ, మొదటి అధ్యాయంలోనే రాయండి.

ప్రశ్న: మా తాతగారి మిల్లు సిరుగుప్పలో ఉండేది. నేను చెన్నైలో స్థిరపడ్డాను. ఇక్కడ ఏమైనా దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: దొరుకుతుంది. 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసేదాకా సిరుగుప్ప మద్రాసు రాష్ట్రం బళ్లారి జిల్లాలోనే ఉంది. ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు శాఖల వారీగా ఉన్నాయి. ముందు రెవెన్యూ, ప్రజాపనుల శాఖల సూచికలు చూడండి. తాతగారి పేరుతో వెతికితే దొరకడం కష్టం, ఊరి పేరుతోనూ ప్రాజెక్టు పేరుతోనూ వెతకండి. భూమి కాగితాలకి మాత్రం సిరుగుప్పే వెళ్లాలి.

ప్రశ్న: మా మిల్లు నష్టాల్లో మూతపడింది. అన్నదమ్ములు కోర్టుకెక్కారు. ‘అవన్నీ రాసి పరువు తీయొద్దు’ అంటున్నారు నాన్నగారు. రాయనా, మాననా?
– ఒక పాఠకుడు, యశవంతపుర

జవాబు: నష్టం సంగతి తప్పకుండా రాయండి, అందులో పరువు పోయేది ఏమీ లేదు. మిల్లర్లు ఆడించిన బియ్యంలో కొంత భాగం ప్రభుత్వానికి నిర్ణయించిన ధరకి లెవీగా ఇవ్వాల్సి వచ్చేది. ఆ పద్ధతి 2015 దాకా నడిచింది. దానికి తోడు కొత్త మిల్లులతో పాత హల్లర్లు పోటీ పడలేకపోయాయి. మీ మిల్లుని దెబ్బకొట్టింది ఏదో ఆవర్జాలో చూసి రాస్తే అది మీ ఒక్కరి గొడవగా మిగలదు. కేసు విషయంలో తీర్పులో ఉన్నంతవరకు రాయండి. ఇంట్లో ఎవరు ఎవరిని ఏమన్నారో, బతికున్నవాళ్లు ఒప్పుకుంటేనే. నాన్నగారికి అచ్చుకి ముందు ఆ పేజీలు చదివి వినిపించండి, ఆయన కొట్టేయమన్న వాక్యం పక్కన ఆయన చెప్పిన కారణం కూడా మీ నోట్సులో రాసుకోండి.