నీ కథలోని చైనా ఇంజనీరు గురించి

చిరంజీవికి,

నీ కథ చదివాను. ఆఫీసులో నీ పక్క సీటు చైనా ఇంజనీరుని కథానాయకుడిగా తీసుకోవడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. మన అమెరికా కథల్లో మనమూ తెల్లవాళ్లూ తప్ప మూడోవాళ్లు కనిపించడం తక్కువ.

అయితే అతను కథంతా కిటికీ దగ్గర నిలబడి 'నేను ఎక్కడివాణ్ణి' అని బాధపడుతూనే ఉన్నాడు. రెండు సంస్కృతుల మధ్య నలిగిపోతున్నాడని నువ్వే చెప్పేశావు. నేను చూసినవాళ్లెవరికీ అలా నలగడానికి తీరిక లేదు. వీసా కాగితాలు, అమ్మకి ఫోను, శనివారం పిల్లల్ని చైనీస్ బడికి దింపడం, వాళ్ల రోజులు ఇలా గడుస్తాయి. నువ్వెవరన్న ప్రశ్న బయటివాళ్లు అడుగుతారు, ఎదురుగా కూర్చుని, కాగితం చేతిలో పట్టుకుని. ఆ అడిగేవాణ్ణి కథలోకి తీసుకురా.

వీలు చూసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ఐలాండ్‌కి వెళ్లిరా. చైనా కూలీలు రాకుండా అమెరికా 1882లో చట్టం చేసింది. 1906 భూకంపం, ఆ వెంటనే లేచిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో అక్కడి చైనావాళ్లలో చాలామంది తాము అమెరికాలోనే పుట్టామని, కాబట్టి పౌరులమేనని చెప్పుకోగలిగారు. పౌరుడి కొడుకుని రానిస్తారు కాబట్టి లేని కొడుకుల్ని లెక్కలో రాయించి, ఆ చోట్లు ఊళ్లోవాళ్లకి అమ్మేవాళ్లు. అలా వచ్చినవాళ్లనే కాగితపు కొడుకులు అన్నారు.

1910 నుంచి 1940 దాకా వాళ్లని ఆ దీవిలో ఆపి విచారించేవారు. మీ ఇంటికి మెట్లెన్ని? బియ్యం తొట్టి ఎక్కడుంటుంది? మీ వరసలో మూడో ఇల్లు ఎవరిది? తండ్రిని విడిగా పిలిచి ఇవే అడిగేవారు. జవాబులు కలవకపోతే తిరుగు ఓడ ఎక్కించే ప్రమాదం ఉండేది. కుర్రాళ్లు ప్రయాణమంతా జవాబుల పుస్తకం బట్టీపట్టి, దిగేముందు దాన్ని సముద్రంలో పడేసేవాళ్లు. నిజమైన కొడుకులకీ ఈ తిప్పలు తప్పలేదు. సొంత ఇంటి మెట్లు ఎవరు లెక్కపెట్టుకుంటారు చెప్పు?

ఆ నిర్బంధ గదుల చెక్కగోడల మీద వాళ్లు చెక్కుకున్న కవితలు ఇప్పటికీ ఉన్నాయి. భవనం పడగొట్టాలనుకుంటున్న రోజుల్లో, 1970లో, ఒక పార్కు ఉద్యోగి వాటిని గమనించి నలుగురికీ చెప్పబట్టి నిలిచాయి. బయటపడినవాళ్లలో చాలామంది చచ్చేదాకా ఆ కొన్న ఇంటిపేరుతోనే బతికారు. కొన్ని సమాధుల మీద ఇంగ్లీషులో కాగితం పేరు ఉంటుంది, పక్కనే చైనా లిపిలో అసలు పేరు.

ఇక రాజకీయం. నీ కథానాయకుడు చైనా ప్రభుత్వం మీద పేజీ నిండా ఉపన్యాసం ఇచ్చాడు. అందులో వినిపించేది నీ గొంతు. 1989లో బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో విద్యార్థుల నిరసనని సైన్యం అణచివేశాక అమెరికాలోనే ఉండిపోయిన విద్యార్థి ఒకలా మాట్లాడతాడు. చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం నుంచి అప్పులు చేసి వచ్చి హోటల్ వంటింట్లో చాకిరీ చేసేవాడు ఒకలా, షాంఘైలో ఫ్లాటున్న ఇంజనీరు మరొకలా. నీవాడు వీళ్లలో ఎవరు? చైనావాళ్లు వాడే వీచాట్ యాప్‌లో తల్లితో మాట్లాడుతూ ఏ సంగతులు దాటేస్తాడో అవి రాయి. ఇక్కడ కూడా అతను నిశ్చింతగా లేడు. చైనాకి రహస్యాలు చేరవేసేవాళ్లని పట్టుకోవాలని 2018లో అమెరికా న్యాయశాఖ 'చైనా ఇనీషియేటివ్' మొదలుపెట్టాక, చైనాలో పుట్టిన శాస్త్రవేత్తలు ఎందరో అనుమానాల పాలయ్యారు. 2022లో దాన్ని ఆపేశారు, భయం మాత్రం అంత తొందరగా పోదు. రెండు దేశాలూ తనని గమనిస్తున్నాయనుకునే మనిషి నలుగురిలో భోజనానికి కూర్చుంటే ఏం మాట్లాడతాడు? నాకు ఆ దృశ్యం కావాలి.

నీకు సొంతంగా తెలిసిన చోటు ఒకటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టు. మన దేశంలాగే చైనా కూడా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే చైనా పౌరసత్వం పోతుంది. మనవాళ్లకి వీసా లేకుండా ఇండియా వెళ్లిరావడానికి ఓసీఐ కార్డైనా ఉంది. అతనికి అదీ లేదు, తల్లి మంచాన పడినా వీసా చూసుకునే విమానం ఎక్కాలి.

నీ కథలో ఆ తల్లి ఒక్క మాటా మాట్లాడలేదు. కొడుకు పాస్‌పోర్టు మార్చుకున్నాడని ఆవిడకి తెలుసా? తెలిస్తే ఎవరు చెప్పారు? ఇది తేల్చుకుని మళ్లీ రాసి పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య