పాప ఫోన్ వదలదు, నా దగ్గరికి రాదు.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది కాజీపేట. నాది షిఫ్టు డ్యూటీ. మా మూడేళ్ల పాప ఫోన్ లేనిదే అన్నం ముట్టదు, లాక్కుంటే ఒకటే ఏడుపు. నేను ఎత్తుకోబోతే వాళ్లమ్మ దగ్గరికే పోతుంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మందులేమైనా వాడాలా?

జవాబు: మందులేమీ వద్దు. మీరంటే ఇష్టం లేక కాదు, మీతో ఆడిన అలవాటు లేకనే పాప దూరం పోతోంది.

ఏ షిఫ్టు అయినా సరే, నిద్ర లేచి చాయ్ తాగాక ఒక పావుగంట పాపకివ్వండి. టీవీ బంద్, మీ ఫోన్ వేరే గదిలో. బొమ్మలు కొనక్కర్లేదు, వంటింట్లో స్టీలు గిన్నెలు చాలు. (చింతగింజలు మాత్రం ఇప్పుడే వద్దు, ఈ వయసులో ముక్కులో, నోట్లో పెట్టుకుంటారు.) పాప ఉత్త గిన్నెలో చాయ్ పోసిచ్చిందనుకోండి, తాగి, "అబ్బా, కాలుతోందమ్మా" అని ఆగండి. వెంటనే ఇంకో మాట అందుకోకుండా చూస్తూ ఉంటే తనే ఊదుతుంది, లేదా ఏదో ఒకటి అంటుంది, దానికి మీరు బదులివ్వండి. మాటలు, ఓపిక, ఎదుటివాళ్ల మొహం చూసి అర్థం చేసుకోవడం పిల్లలకు వచ్చేది ఇట్లాగే. ఇదేం రంగు, అవెన్ని అని పరీక్షలు పెడితే ఆట కాస్తా ట్యూషన్ అయిపోతుంది. వీపు మీద ఎక్కించుకుని తిప్పండి, "చాలు" అనగానే ఆపేయండి, తన మాటకు విలువుందని పాపకు తెలుస్తుంది. ఆ కాసేపు మీ ఆవిడను ఏ పనీ చెప్పకుండా వదిలేయండి, సగం గొడవలు అలసట వల్లే వస్తాయి.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజులో కనీసం 3 గంటలు ఒళ్లు కదలాలని, స్క్రీన్ గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అందుకే వీలున్న సాయంత్రాల్లో వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి ఉరకనివ్వండి. ఫోన్‌ను ముందు అన్నం దగ్గర మాన్పించండి. మొదట్లో ఏడుపు ఇంకా ఎక్కువవుతుంది, అప్పుడు జాలిపడి ఇచ్చారంటే ఏడిస్తే ఫోన్ వస్తుందని నేర్చుకుంటుంది. ఈ విషయంలో అమ్మమ్మా నానమ్మలతో సహా ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి.

ఒక్క విషయం మీరు రాయలేదు. పాప మూడు మాటలు కలిపి చెబుతోందా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా? లేదంటే ఆడిస్తూ ఎదురుచూడకండి, ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించి, ముందు వినికిడి పరీక్ష చేయించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది.