సమాధి రాళ్లు చదివితే ఉపాధి దొరుకుతుందా?

ప్రశ్న: బీఏ చరిత్ర చివరి సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో పీజీ చేసి, వలస వచ్చినవారి సమాధి రాళ్లపైనా స్థానిక వారసత్వంపైనా పరిశోధన చేయాలని ఉంది. దాంతో బతుకు గడుస్తుందా అని ఇంట్లో అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: గడుస్తుంది. కాకపోతే సమాధుల చరిత్రకారులు కావాలంటూ ప్రకటనలేవీ రావు. ఉద్యోగాలు మ్యూజియాల్లో, పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌లో, వారసత్వ పరిరక్షణ కన్సల్టెన్సీల్లో ఉంటాయి. 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం ప్రకారం, అక్కడ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులతోనో అనుమతితోనో చేపట్టే పనుల వల్ల చారిత్రక స్థలాలకు నష్టం ఉంటుందేమో ముందే పరిశీలించాలి. కన్సల్టెన్సీలకు పని దొరికేది అందువల్లే. ఫెడరల్ కొలువులకు మాత్రం సాధారణంగా అమెరికా పౌరసత్వం అడుగుతారు. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పండి. అధ్యాపక పోస్టులు బాగా తక్కువ. వాటినే నమ్ముకుని పీహెచ్‌డీలో చేరమని నేను చెప్పను.

అయితే ఈ పని ఎంత విలువైనదో కూడా వాళ్లకు తెలియాలి. 1882లో అమెరికా చట్టం చేసి చైనా కూలీల రాకను నిషేధించింది. 1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో చాలామంది చైనీయులు తాము అక్కడే పుట్టిన పౌరులమని చెప్పుకోగలిగారు. అలాంటివారి కొడుకులమంటూ కాగితాలు కొనుక్కుని మరికొందరు వచ్చారు. వారిలో చాలామంది బతికినన్నాళ్లూ ఆ కాగితం మీది ఇంటిపేరే మోశారు. వారిలో కొందరి సమాధి రాళ్లపై ఇంగ్లిష్‌లో కాగితం పేరు, పక్కనే చైనా లిపిలో అసలు ఇంటిపేరు, సొంత ఊరు కనిపిస్తాయి. ఇమ్మిగ్రేషన్ ఫైలు మాత్రమే చదివితే అసలు మనిషి దొరకడు. రాయి ఒక్కటే చదివితే అతను ఏ దారిన వచ్చాడో తెలియదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవగలిగినవారే ఈ రంగానికి కావాలి.

కాబట్టి ఏ సమాజంపై పరిశోధన చేయదలచుకున్నారో ముందు తేల్చుకుని, వారి భాష, లిపి ఇప్పటి నుంచే నేర్చుకోండి. నా దృష్టిలో పీజీ సీటు కన్నా ఇదే ముఖ్యం. కోర్సు ఎంచుకునేటప్పుడు పబ్లిక్ హిస్టరీ (చరిత్రను సామాన్య జనానికి చేరువ చేసే శాఖ), ఆర్కైవ్స్ నిర్వహణ, ఇంటర్న్‌షిప్ ఉన్నాయో లేదో చూడండి. మాస్టర్స్‌కు పూర్తి ఆర్థిక సహాయం అరుదు. ఫీజు లెక్క తేలకుండా అప్పు చేయవద్దు.

దరఖాస్తుకు ముందు, అనుమతి తీసుకుని ఒక పాత శ్మశానవాటికను నమోదు చేయండి. అక్షరాలు అరిగిపోతే సుద్ద పూయవద్దు, ఇనుప బ్రష్‌తో రుద్దవద్దు. అద్దంతో వెలుగును పక్క నుంచి ఏటవాలుగా పడేలా చేస్తే చెక్కుడు గీతల్లో నీడలు నిలిచి అక్షరాలు తేలతాయి. అప్పుడు ఫొటో తీయండి. ప్రతి పేరునూ మరణాల రిజిస్టరుతో పోల్చి, తేడాలు వచ్చిన చోట కారణం వెతికి వ్యాసం రాయండి. దరఖాస్తుతో పాటు ఆ వ్యాసాన్నే పంపండి.