వేడెక్కాక ఆగిపోయే పాత లారీ: పంపు దించే ముందు చూడవలసినవి

మీ పాత 24 వోల్టుల లారీ బియ్యం లోడుతో మిర్యాలగూడ నుంచి హైదరాబాదుకు వెళ్తూ మధ్యాహ్నపు ఎండలో ఉన్నట్టుండి ఆగిపోతోందని, కాసేపు నీడన ఉంచితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతోందని, స్టాప్ సోలెనాయిడ్ (కరెంటుతో కదిలి ఇంజనుకు డీజిల్‌ను వదిలే లేదా ఆపే పరికరం) రెండుసార్లు మార్చినా ఫలితం లేక మెకానిక్ ఇప్పుడు ఇంజనుకు డీజిల్ కొట్టే పంపునే దించి కాలిబ్రేషన్‌కు (డీజిల్ కొలత సరిచేయడానికి) పంపమంటున్నాడని రాశారు. బండి ఆగిన ఆ క్షణంలో సోలెనాయిడ్‌కు కరెంటు అందుతోందో లేదో తేలేదాకా పంపు మీద చెయ్యి వేయనివ్వకండి.

ముందుగా మీ సోలెనాయిడ్ ఏ రకమో చూడాలి. ఇంజను నడుస్తుండగా దాని వైరు పీకితే బండి ఆగిపోయిందంటే, అది కరెంటు ఉన్నంతసేపే డీజిల్‌ను వదిలే రకం. ఆగకపోతే మీ సమస్య కరెంటుది కాకపోవచ్చు. ఆగే తీరు కూడా చాలా చెబుతుంది. పికప్ తగ్గుతూ, ఇంజను ఎగుడుదిగుడుగా కొట్టుకుంటూ ఆగితే డీజిల్ సరిగా అందడం లేదనో, లైన్లో ఎయిర్ పట్టిందనో అనుకోవాలి. కీ తిప్పి ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే వైరింగు వైపు చూడాలి. ట్యాంకు మూతలోని బ్రీదర్ (గాలి రంధ్రం) దుమ్ముతో మూసుకుపోయినా బండి కొంతసేపు నడిచి ఆగి, విశ్రాంతి ఇస్తే మళ్లీ కదులుతుంది కాబట్టి, ఆగిన వెంటనే మూత తిప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే దోషం అక్కడే ఉంది, పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది.

అది కాదని తేలాక ఒక చిన్న ఏర్పాటు చేయించండి. సోలెనాయిడ్ పాజిటివ్ టెర్మినల్ నుంచి ఒక వైరు, దాని ఎర్త్ పాయింటు నుంచే మరొక వైరు క్యాబిన్‌లోకి తెచ్చి, ఫ్యూజు పెట్టి, 24 వోల్టుల 5 వాట్ల బల్బు డ్రైవరుకు కనబడేచోట అమర్చాలి. ఎర్త్‌ను క్యాబిన్‌లో ఎక్కడో ఒకచోట కలిపితే అటువైపు లోపం బయటపడదు. ఎల్‌ఈడీ కూడా పెట్టవద్దు, ఎందుకంటే తెగబోతున్న వైరులోంచి వచ్చే కొద్దిపాటి కరెంటుకే అది వెలిగి మనల్ని మోసం చేస్తుంది. బండి ఆగినప్పుడు బల్బు ఆరిపోయినా, మసకబారినా తప్పు వైరింగులో ఉన్నట్టే.

మల్టీమీటరు పెడితే 24 వోల్టులు చూపిస్తోంది కదా అని ఎలక్ట్రీషియన్లు అంటుంటారు. వైరు విప్పి చూస్తే అలాగే చూపిస్తుంది. ఒకే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా లోడు (కరెంటు లాగే పరికరం) లేనప్పుడు పూర్తి వోల్టేజీ చూపించి, లోడు పడగానే చేతులెత్తేస్తుంది. అందువల్ల వైరు బిగించి ఉండగా, ఇంజను నడుస్తుండగా, మీటరు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్ మీద, రెండో కొసను సోలెనాయిడ్ పాజిటివ్ మీద పెట్టి చూడాలి. ఆ తేడా అర వోల్టు లోపు ఉంటే నయం, ఒక వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో పట్టు తప్పింది. ఇదే పరీక్ష బ్యాటరీ నెగటివ్‌కు, సోలెనాయిడ్ బాడీకి మధ్య కూడా చేయాలి, ఎందుకంటే పాత బండ్లలో ఎర్త్ లగ్గు (వైరు కొసన బోల్టుకు బిగించే లోహపు ముక్క) కింద రంగూ తుప్పూ పేరుకుని ఉంటాయి.

మా ఇంటి లారీ దామరచర్ల వైపు సిమెంటు లోడ్లు కొట్టేది. దానికీ ఇదే జబ్బు వచ్చింది. ఇంజనును ఐడిలింగ్‌లో ఉంచి వైరింగు కట్టను జానెడు జానెడు చొప్పున చేత్తో కదిపిస్తూ వచ్చాం. క్యాబిన్ ఎత్తినప్పుడల్లా వంగే మడత దగ్గరికి రాగానే క్యాబిన్‌లోని బల్బు రెపరెపలాడింది. పై ప్లాస్టిక్ తొడుగు ఎక్కడా చిట్లలేదు. కోసి చూస్తే లోపల రాగి పోగులు చాలావరకు తెగి, పచ్చటి పొడిగా మారి ఉన్నాయి. ఆ ముక్క తీసేసి, క్యాబిన్ ఎత్తినా లాగకుండా కొంచెం వదులుంచి కొత్త వైరు వేయించాం. కీ స్విచ్, ఫ్యూజు బాక్సు, రిలే (కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్) కాళ్లు కూడా ఇలాగే కదిపి చూడాలి; ఎండకు డ్యాష్‌బోర్డు వెనక రిలే మరీ వేడెక్కుతుంది కాబట్టి దాన్ని హెయిర్ డ్రయ్యరుతో కాస్త వేడిచేసి చూస్తే నీడలో దొరకని తప్పు దొరకవచ్చు.

రెండుసార్లు సోలెనాయిడ్ మార్చారన్నారు. మీ సోలెనాయిడ్ లోపల రెండు తీగ చుట్లు, అంటే కడ్డీని లోపలికి లాగే చుట్టు ఒకటి, దాన్ని పట్టి ఉంచే చుట్టు ఒకటి, ఉండే రకమైతే, లాగే చుట్టు క్షణకాలం చాలా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, తర్వాత దానికి కరెంటు ఆగిపోవాలి. వోల్టేజీ తగ్గి కడ్డీ పూర్తిగా లోపలికి పోకపోతే ఆ చుట్టు ఆగక మండుతూనే ఉండి మాడిపోతుంది. వైరు బాగుచేయకుండా కొత్తది ఎన్నిసార్లు వేసినా అంతే.

బ్యాటరీ నుంచి సోలెనాయిడ్‌కు నేరుగా వైరు లాగి నడిపి చూడమని కొందరు చెబుతారు. పరీక్షకు అది మంచిదే కానీ, అప్పుడు కీ తిప్పినా ఇంజను ఆగదు కాబట్టి ఫ్యూజుతోపాటు చేతికందేచోట ఒక స్విచ్ తప్పక ఉండాలి, పంపు మీది స్టాప్ లివర్ ఎక్కడుందో డ్రైవరుకు చూపించాలి. ఇన్ని చూశాక కూడా బల్బు నిండుగా వెలుగుతుండగానే ఇంజను ఆగితే, సోలెనాయిడ్ వేడి మీద ఉండగానే విప్పి దాని చుట్టు తెగుతోందేమో ఓమ్స్‌లో కొలిపించండి. అదీ బాగుంటే అప్పుడు పంపు దించమనండి.